వార్తల్లో పదం: మెనరేజియా

నెలసరిలో రక్తం మరీ ఎక్కువగా పోవడమే మెనరేజియా. 80 మిల్లీలీటర్లు దాటితే అధికమని పాత లెక్క, ఇంట్లో కొలిచేదెవరు? ఏడు రోజులు దాటినా ఆగకపోవడం, రూపాయి బిళ్లంత గడ్డలు పడటం, ఎగువ అహోబిలం మెట్లు నాలుగెక్కేసరికే ఆయాసం రావడం చూసుకుంటే చాలు. ఫైబ్రాయిడ్లు, థైరాయిడ్, కాపర్-టీ, రక్తం త్వరగా గడ్డకట్టని జబ్బు... కారణాలు చాలానే.

ఇలా పోయే రక్తం రక్తహీనతకు దారితీస్తుంది. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో ఆంధ్రప్రదేశ్ మహిళల్లో (15-49 ఏళ్లు) 58.8 శాతం మందికి రక్తహీనత. గర్భసంచి తీసివేతల్లోనూ మన రాష్ట్రం ముందు వరుసలోనే. మాత్రలతోనో, హార్మోన్ లూప్‌తోనో తగ్గేదానికీ కత్తెందుకు? ముందు హిమోగ్లోబిన్ పరీక్ష, స్కానింగ్ అడగండి.

గంటకో ప్యాడ్ చొప్పున రెండు గంటలు తడిసినా, కళ్లు తిరిగినా ఆళ్లగడ్డ ఆసుపత్రికి వెంటనే బయల్దేరండి. ముట్లు ఆగిపోయాక రక్తం చుక్క కనిపించినా డాక్టరుకు చూపించుకోవాల్సిందే.