లోకల్ బ్యాండ్ స్టేజ్ మీద ఎందుకు తేలిపోతుంది?

ఈరోజు మాట్లాడుకునేది కేఫ్‌లలో, రూఫ్‌టాప్‌ల మీద, కాలేజీ ఫెస్టుల్లో వాయించే చిన్న బ్యాండ్ల గురించి. గచ్చిబౌలి వైపు వీకెండ్ ఎక్కడికో వెళ్లి కూర్చుంటారు. సింగర్ శ్రుతి తప్పుతుంటాడు, డ్రమ్స్ తప్ప ఇంకేం వినపడదు. "వీళ్లకి రాదురా" అని డిసైడ్ అయిపోతారు. నేను వీకెండ్స్‌లో బేస్ గిటార్ వాయిస్తాను కాబట్టి అటువైపు నుంచి చెప్తా. చాలాసార్లు వాళ్లకి వచ్చు. వాళ్లకి వాళ్లే వినపడట్లేదు, అంతే.

ఎందుకంటే, పెద్ద స్పీకర్లు జనం వైపు తిరిగి ఉంటాయి. బ్యాండ్ ఉండేది వాటి వెనక. సింగర్‌కి తన గొంతు తనకి వినపడాలంటే కాళ్ల దగ్గర తనవైపు తిరిగిన ఇంకో స్పీకర్ కావాలి. దాన్నే మానిటర్ అంటారు. చిన్న ప్లేసుల్లో అది ఒకటే ఉంటుంది, లేదా అసలు ఉండదు. వెనకేమో డ్రమ్స్. మామూలుగా మాట్లాడుకునే మాట 60 డెసిబెల్స్ దగ్గర ఉంటే, డ్రమ్స్ పక్కన 100 దాటడం చాలా ఈజీ. ఆ మోతలో గొంతు వినపడక సింగర్ అరుస్తాడు. అరిస్తే పిచ్ పోతుంది. ఈలోపు గిటారిస్ట్ తన యాంప్ పెంచుతాడు, వాడు పెంచాడని నేను పెంచుతా. "మామా, నువ్వు తగ్గించు" "నాదసలు వినపడితే కదరా!" ఫ్రెండ్‌షిప్‌లు చెడేది ఇక్కడే.

సరే, మానిటర్ సౌండ్ పెంచేస్తే? అప్పుడు "కీ..." అని కూత వస్తుంది. మానిటర్‌లోంచి వచ్చిన సౌండ్‌ని మైక్ మళ్లీ పట్టుకుంటుంది, అది యాంప్లిఫై అయి మళ్లీ మానిటర్‌లోకి వెళ్తుంది. కోడింగ్ చేసేవాళ్లకి తెలుస్తుంది, ఎగ్జిట్ కండిషన్ లేని లూప్ ఇది. చాలా స్టేజ్ మైకులు ముందు నుంచి వచ్చే సౌండ్‌ని బాగా పట్టుకుంటాయి, వెనక నుంచి వచ్చేదాన్ని తక్కువ. అందుకే మానిటర్ మైక్ వెనకవైపు ఉండాలి. సింగర్ స్టైల్‌గా మైక్ తలని గుప్పిట్లో పట్టుకున్నాడనుకోండి, ఆ తేడా పోతుంది, కూత మొదలవుతుంది. ర్యాప్ వీడియోలు చూసి నేర్చుకున్న అలవాటు ఇది!

"బ్లూటూత్ ఇయర్‌బడ్స్ పెట్టుకోవచ్చు కదా" అని చాలామంది అంటారు. కుదరదు. వాటిలో సౌండ్ 100 మిల్లీసెకన్లకి పైనే లేటవడం మామూలే. నిమిషానికి 120 బీట్ల పాటలో బీట్‌కీ బీట్‌కీ మధ్య ఉండేది 500 మిల్లీసెకన్లు. అంటే బీట్‌లో ఐదో వంతు వెనకబడి వింటూ వాయించాలి. స్టేజ్ కోసం చేసిన ఇన్-ఇయర్ సిస్టమ్స్ వేరు, అవి ఖరీదు. షో డబ్బులు ఐదుగురం పంచుకుని, జామ్ రూమ్ అద్దె, సామాన్లకి క్యాబ్ పోగా మాకు మిగిలేది బిర్యానీ డబ్బులు.

ఇవన్నీ ముందే సెట్ చేసుకోవడానికే సౌండ్ చెక్. ఒక చోట మమ్మల్ని 5కి రమ్మన్నారు, సౌండ్ అతను 7:30కి వచ్చాడు. అప్పటికే టేబుల్స్ నిండాయి. "ఒక్క పాట చెక్ చేసుకోండన్నా, చాలు" అన్నాడు. పోనీ ఆ టైమ్ చివర్లో కలుపుతారా అంటే, ఓపెన్ ప్లేసులో 2000 నాటి శబ్ద కాలుష్య నిబంధనల ప్రకారం రాత్రి 10 తర్వాత లౌడ్ స్పీకర్ ఆగిపోవాలి. పోయేది మా పాటలే. అందులోనూ ముందు ఎగిరిపోయేది మేం సొంతంగా రాసుకున్నది, ఎందుకంటే సినిమా పాటలకైతే ఆల్రెడీ చీటీలు వచ్చి ఉంటాయి.

వీటన్నిటికంటే నాకు భయం వేసేది చెవుల గురించి. వర్క్‌ప్లేస్ సేఫ్టీలో వాడే ఒక లెక్క ఉంది: 85 డెసిబెల్స్ అయితే రోజుకి 8 గంటలు. ప్రతి 3 డెసిబెల్స్‌కి ఆ టైమ్ సగం అవుతుంది. లెక్కేసుకోండి, 100 దగ్గర 15 నిమిషాలే. మా సెట్ రెండు గంటలు. షో అయ్యాక మా డ్రమ్మర్‌కి రెండ్రోజులు చెవుల్లో గుయ్‌మని మోత. లోపలి చెవిలో సౌండ్‌ని పట్టే కణాలు ఒకసారి పోతే మళ్లీ పెరగవు. కాబట్టి ఇయర్‌ప్లగ్స్ పెట్టుకోండి, వాయించేవాళ్లయినా, స్పీకర్ ముందు డ్యాన్స్ చేసేవాళ్లయినా.

డబ్బు లేకుండా చేయగలిగేవీ ఉన్నాయి. యాంప్ నేల మీద ఉంటే సౌండ్ మోకాళ్లకి తగుల్తుంది. చెవులు మోకాళ్ల దగ్గర లేవు కదా! వెనక్కి వంచి పెడితే తక్కువ వాల్యూమ్‌లోనే వినపడుతుంది. డ్రమ్స్‌ని తగ్గించలేం కాబట్టి, మిగతావన్నీ వాటికి సరిపోయేలా పెట్టుకోవాలి, వాటిని మించి కాదు. జామ్ రూమ్‌లో ఫోన్‌ని జనం కూర్చునే దూరంలో పెట్టి రికార్డ్ చేసి వినండి, ఎవరు ఎవర్ని తొక్కేస్తున్నారో తెలుస్తుంది.

మరీ చిన్న కేఫ్ అయితే డ్రమ్ కిట్ బదులు కహోన్ వాడొచ్చు. చెక్క పెట్టె, దాని మీదే కూర్చుని చేత్తో వాయిస్తారు. సగం గొడవ అక్కడే తీరిపోతుంది. మా డ్రమ్మర్‌కి ఆ మాట చెప్పే ధైర్యం మాత్రం ఇంకా మాలో ఎవరికీ రాలేదు.