రబ్బరు చెట్టుకు ఎరువు వంటబట్టే వయసు

వరికి యూరియా చల్లితే వారం తిరిగేసరికి చేను నలుపెక్కుతుంది. అదే లెక్కతో రబ్బరు తోటకు ఎరువు వేసి, వచ్చే నెలకల్లా పాలు పెరుగుతాయని కూర్చుంటే నిరాశే మిగులుతుంది. ఈ చెట్టు దగ్గర ఎరువు లెక్క ఏళ్లలో తేలుతుంది.

కారణం పాలలోనే ఉంది. గీసిన బెరడు నుంచి కారే పాలలో సుమారు మూడో వంతు రబ్బరు, మిగిలింది దాదాపు నీరే. రబ్బరులో ఉండేది కర్బనం, ఉదజని. ఆ రెంటినీ చెట్టు గాలి నుంచి, నీటి నుంచి కూడగట్టుకుంటుంది. నత్రజని, పొటాష్ లాంటివి పాలలోని నీటి భాగంతో కొద్దికొద్దిగా బయటికి పోతాయంతే. టన్ను ఎండు రబ్బరు తీసినా తోట దాటే నత్రజని పది కిలోల దరిదాపుల్లోనే ఉంటుంది. పైగా ఏటా చలికాలంలో రాలే ఆకంతా అక్కడే కుళ్లి నేలకు చేరుతుంది. అందుకే కేరళలో గీతకొచ్చిన తోటలకు మామూలుగా చెప్పే మోతాదు హెక్టారుకు ఏడాదికి నత్రజని, భాస్వరం, పొటాష్ 30 కిలోల చొప్పున మాత్రమే.

మరి ఎరువుకు అసలు పనెప్పుడు? చెట్టు ఎదిగే వయసులో. అంటు కట్టిన చోటు నుంచి 125 సెంటీమీటర్ల ఎత్తున మాను చుట్టుకొలత 50 సెంటీమీటర్లకు వస్తేనే కత్తి పెట్టాలి. కేరళలో దీనికి దాదాపు ఏడేళ్లు పడుతుంది. ఆ ఏడేళ్లూ చేతి నుంచి పోవడమే తప్ప రాబడి ఉండదు. అక్కడ రబ్బరు వేసేవాళ్లలో ఎక్కువమంది చిన్న కమతాల రైతులు. తోట కొన్ని నెలలు ముందుగా గీతకొస్తే వాళ్లకు అదే పెద్ద లాభం. మాను ఎంత లావెక్కితే గీతకు అంత బెరడు దొరుకుతుంది.

కేరళ కొండవాలు నేలలు ఎర్రటివి, పుల్లటివి. వానలకు సారం కడుక్కుపోతుంటుంది. భాస్వరం వేస్తే ఇనుము, అల్యూమినియం దాన్ని పట్టేసుకుంటాయి. అక్కడ రాక్ ఫాస్ఫేట్ బాగా పనికొస్తుంది: ఆ పులుపుకే మెల్లగా కరిగి వేళ్లకు అందుతుంది. మన నల్లరేగడిలో వేస్తే కరగదు, డబ్బు దండగ. సాళ్ల మధ్య ప్యూరేరియా, మ్యుకునా తీగలు పాకిస్తే గాలిలోని నత్రజనిని నేలలో నిలుపుతాయి, మట్టి కొట్టుకుపోకుండా ఆపుతాయి. నన్నడిగితే లేత తోటలో బస్తా ఎరువుకన్నా ముందు ఈ తీగకే ఓటు.

ఎక్కువ వేస్తే ఏం పోయిందనుకోవడం మాత్రం పొరపాటు. నత్రజని మితిమీరితే కొమ్మలు గుబురెక్కి తలభారమవుతుంది, ఈదురుగాలికి మాను విరుగుతుంది. మెగ్నీషియం సంగతి ఇంకా చిత్రం. అది తగ్గితే ఈనెల మధ్య ఆకు పసుపుబారుతుంది. అలాగని గుప్పిళ్లతో వేస్తే పాలలో మెగ్నీషియం పెరిగి, ధార సాగాల్సిన పాలు గాటు మీదే తొందరగా గడ్డకడతాయి. ఆకు పచ్చబడుతుంది, కప్పు మాత్రం నిండదు!

బెరడుకు పూసే ఎథెఫాన్‌నూ కొందరు ఎరువు కిందే జమకడతారు. అది చెట్టుకు తిండి పెట్టదు. పాలు ఎక్కువసేపు కారేలా చేస్తుంది, అంతే. తరచూ పూసి గీస్తూ పోతే గీత పట్టీ ఎండిపోయి పాలే రావు.

కాబట్టి మోతాదు తేల్చాల్సింది మట్టి, ఆకు పరీక్షలే. ఏ ఆకు కోయాలో, ఏ నెలలో కోయాలో కూడా నియమం ఉంది: ముదురు తోటలో నీడపట్టు కొమ్మల ఆకును, కేరళలోనైతే ఆగస్టు నుంచి అక్టోబరు లోపు తీయాలి. ముఖ్యంగా రెండోసారో మూడోసారో రబ్బరు నాటుతున్న నేలల్లో ఈ పరీక్ష తప్పనిసరి. ఇరవై ముప్పై ఏళ్ల పాలతో పోనంత సారం, చెట్టు నరికి మానులను లారీకెక్కించిన ఒక్కరోజులో పోతుంది.