తాత తుపాకీలో ఒక్క మర మారినా.. విలువ మాయం!
విడిభాగాలకు విదేశాల్లో గిరాకీ
మన దగ్గర తెలియక అమ్మితే కటకటాలే

అటక మీద గోనెసంచిలో చుట్టి పెట్టిన జోడు గొట్టాల తుపాకీ. తాతగారు పోయి ఏళ్లయింది. లైసెన్సు పుస్తకం ఇనప్పెట్టె అడుగున ఎక్కడో ఉంది. ‘ఇంకెందుకిది, విప్పి సామాన్లుగా అమ్మేస్తే నాలుగు డబ్బులొస్తాయి కదా’ అనిపిస్తుంది. పర్లాకిమిడి, జయపురం మొదలు బళ్లారి, హోసూరు దాకా పాతకాలం తుపాకీ మిగిలిన ఏ ఇంట్లోనైనా రాగల ఆలోచనే ఇది. అందులో రెండు ప్రమాదాలున్నాయి. ఒకటి, బంగారాన్ని ఇత్తడి ధరకు అమ్ముకోవడం. రెండోది, జైలు.

నంబరే ప్రాణం
పాత తుపాకుల సేకరణ అమెరికా, బ్రిటన్లలో పెద్ద వ్యాపారం. అక్కడ తుపాకీతో పాటు దాని అసలు విడిభాగాలకూ గిరాకీ ఉంటుంది. జర్మనీ లూగర్ పిస్తోలునే తీసుకుంటే, అందులో చిన్న చిన్న భాగాల మీద కూడా తుపాకీ నంబరు చివరి అంకెలు కొట్టి ఉంటాయి. అన్నీ కలిస్తే ఒక ధర. ఒక్కటి కలవకపోయినా ధర గణనీయంగా పడిపోతుంది. అందుకే పాత అంకెలు చెరిపి కొత్తవి కొట్టే మోసగాళ్లూ పుట్టుకొచ్చారు. తెలిసినవాళ్లు భూతద్దం పట్టి అంకెల తీరు, వాటి చుట్టూ లోహం రంగు చూస్తే గానీ బేరానికి దిగరు.

మన పోలీసుల చేతుల్లో దశాబ్దాలు కనిపించిన .303 లీ-ఎన్‌ఫీల్డ్ కథ ఇంకా చిత్రం. 1907లో వచ్చిన మార్క్-3 రకానికి ఎడమ పక్కన, చాలా దూరంలోని గుంపు మీదకు మూకుమ్మడిగా కాల్చేందుకు ప్రత్యేక గురి పరికరం ఉండేది. మొదటి ప్రపంచ యుద్ధంలో తయారీ త్వరగా కావాలని 1916 నాటి మార్పుల్లో దాన్ని మానేశారు. మరమ్మతులకు వచ్చిన పాత రైఫిళ్ల నుంచీ పీకేశారు. అప్పుడు పనికిరాదని తీసేసిన ఆ ముక్క కోసమే ఇప్పుడు సేకరణకర్తలు వెతుక్కుంటున్నారు. 1916కు ముందటి రైఫిల్‌ను అసలు రూపానికి తేవాలంటే అది లేనిదే కుదరదు మరి. గిరాకీ ఉన్నచోట నకిలీ తప్పదు. కొత్తగా పోతపోసిన భాగాలూ బజారులోకి వచ్చాయి.

ధర ఎలా కడతారు?
ముందు చూసేది అసలుదా, నకలా అని. తర్వాత ఏ కారఖానాది, ఏ ఏడాదిది, తనిఖీ ముద్ర ఉందా, ఎంత అరిగింది అన్నవి. అడిగే ధరలు ఎన్నైనా ఉంటాయి. వేలంలో నిజంగా పలికిన ధరే లెక్క. ఇంకో సంగతి.. విడిభాగానికి దానంతటదే విలువ లేదు. ఏ తలుపుకు ఆ గొళ్లెం అన్నట్టు, అది తగిలే తుపాకీ ఉన్నవాడికే దాని అవసరం.

బర్మింగ్‌హామ్, లండన్ కంపెనీల జోడు గొట్టాల తుపాకులకూ ఇదే సూత్రం. గొట్టాల మీద పరీక్షశాల ముద్రలుంటాయి. వాటితో కాలాన్ని అంచనా కడతారు. గొట్టాలు, ముందు కర్ర, కింది యంత్రభాగం ఒకే నంబరువై ఉండాలి. అసలు తోలుపెట్టె, అందులోని నూనె సీసా, స్క్రూడ్రైవర్లు, మూత లోపలి కంపెనీ చీటీ ఉంటే విలువ మరింత పెరుగుతుంది. తళతళలాడాలని సానపట్టినా, కొత్త రంగు పూసినా విలువ తరిగిపోతుంది. సరిపడని స్క్రూడ్రైవర్‌తో మర తల చెక్కినా అంతే సంగతులు.

ఇక్కడ ముక్కా తుపాకీయే
అమెరికా సమాఖ్య చట్టంలో తుపాకీ అంటే ప్రధానంగా దాని మూల చట్రం. మిగతా చాలా భాగాలను మామూలు సామానులా అమ్ముకుంటారు. 1898లోగా తయారైనవాటిని పురాతన వస్తువులుగా చూస్తారు. అక్కడి బంధువులు చెప్పారని ఇక్కడా అలాగే అనుకుంటే కొంప మునుగుతుంది. మన ఆయుధాల చట్టం, 1959 నిర్వచనం ప్రకారం విడిభాగాలూ తుపాకీ కిందికే వస్తాయి. లైసెన్సు లేకుండా తుపాకుల అమ్మకం సాగిస్తే 2019 సవరణ తర్వాత కనీస శిక్ష ఏడేళ్లు.

మినహాయింపులు లేకపోలేదు. బాగుచేసినా కాల్చడానికి పనికిరాని పురాతన ఆయుధానికి, మిగతా భాగాలతో కలిపి వాడే ఉద్దేశం లేని చిన్న ముక్కలకు 45వ సెక్షన్ వెసులుబాటు ఇస్తోంది. అయితే అది పనికిరాదని ఇంటివాళ్లు అనుకుంటే చాలదు. అధికారుల నుంచి రాతపూర్వకంగా తీసుకోవడమే క్షేమం. వందేళ్లు దాటిన పురావస్తువైతే పురావస్తువుల చట్టం, 1972 ప్రకారం ప్రైవేటు వ్యక్తులు దేశం దాటించడానికి వీల్లేదు. అమెరికాలో ఉన్న అబ్బాయికి పార్సిల్ చేద్దామన్న మాటే వద్దు.

సరిహద్దు దాటే ముందు..
తాతగారు పోయాక లైసెన్సు దానంతటదే వారసులకు రాదు. వాళ్లు తమ పేరిట దరఖాస్తు చేసుకోవాలి. అప్పటిదాకా ఆయుధాన్ని పోలీస్ స్టేషన్లోనో, లైసెన్సున్న డీలరు దగ్గరో జమ చేసి రసీదు తీసుకోవాలి. లైసెన్సుదారు బతికుండగానే 70 ఏళ్లు నిండినా, ఆయుధం 25 ఏళ్లు తన దగ్గరున్నా వారసుడికి బదిలీ కోరవచ్చని 2016 నిబంధనలు చెబుతున్నాయి. సొంతానికి ఉంచుకున్న తుపాకీని అర్హుడైన వ్యక్తికి అమ్మాలన్నా ముందుగా జిల్లా మేజిస్ట్రేట్‌కు గానీ, ఠాణాకు గానీ రాతపూర్వకంగా తెలిపి 45 రోజులు ఆగాలి.

సరిహద్దు పల్లెల వాళ్లకు మరో చిక్కు. ఇల్లు ఒడిశాలో, అత్తవారు శ్రీకాకుళంలో. పొలం కర్ణాటకలో, అన్నదమ్ములు అనంతపురంలో. లైసెన్సు ఎంత ప్రాంతానికి చెల్లుతుందో అందులోనే రాసి ఉంటుంది. అది చూడకుండా తుపాకీని బస్సులో గట్టు దాటిస్తే కేసే.

అందుకే అటక మీది సంచి విప్పేముందు ఇనప్పెట్టె అడుగున కాగితం వెతకాలి. మర విప్పే పని తర్వాత. అసలు విప్పకుండా ఉంచితేనే తాత తుపాకీకి విలువ, ఇంటికి పరువు.