గ్లాసు తిప్పితే... కథ!

చూడ్డానికి చిన్న గ్లాసు. ఎత్తు 12 సెంటీమీటర్లు. దాని చుట్టూ మాత్రం ఓ సినిమాకి సరిపడా కథ ఉంది! మూడు వరుసల్లో పన్నెండు బొమ్మలు. గ్లాసు తిప్పుతూ పోతే కథ ముందుకు నడుస్తుంది. ఎనిమిది వందల ఏళ్ల కిందట ఇరాన్‌లో తయారైన ఈ గ్లాసు ఇప్పుడు వాషింగ్టన్‌లోని ఫ్రీర్ గ్యాలరీలో ఉంది.

జాషువా కావ్యంతో మనకి దగ్గరైన ఫిరదౌసి గుర్తున్నాడుగా! ఆయన రాసిన 'షానామా'లోదే ఈ కథ. ఇరాన్ వీరుడు బీజన్, శత్రుదేశపు రాకుమారి మనీజే ప్రేమించుకుంటారు. సంగతి తెలిసిన ఆమె తండ్రి బీజన్‌ని గోతిలో పడేసి, పైన పెద్ద బండ మూయిస్తాడు. కూతుర్ని గెంటేస్తాడు. ఆమె ఇల్లిల్లూ తిరిగి రొట్టెలు అడిగి తెచ్చి, సందులోంచి ప్రియుడికి అందిస్తుంది. చివరికి రుస్తుం వచ్చి బండ ఎత్తి కాపాడతాడు.

రెండుసార్లు కాల్చి...

ఇలాంటి పాత్రల్ని 'మీనాయీ' అంటారు. మన నగల మీది మీనాకారీలో ఉన్న 'మీనా'యే అది. వీటికి కాషాన్ పట్టణం పెట్టింది పేరు. అక్కడి కుమ్మరుల ఇంట పుట్టిన అబుల్ ఖాసిం ఆ పనితనాన్ని 1301లో రాసిపెట్టాడు. పది పాళ్లు పలుగురాతి పొడి, ఒక పాలు గాజుపొడి, ఒక పాలు తెల్లమట్టి... ఇదీ పాత్ర చేసే ముద్ద. గాజుపూత పూసి ఒకసారి కాల్చేవారు. ఎరుపు, నలుపు లాంటి రంగులతో బొమ్మలేసి, తక్కువ వేడిమీద మళ్లీ కాల్చేవారు.

పుస్తకాలకన్నా ముందే!

షానామా బొమ్మల పుస్తకాల్లో మనకి దక్కినవన్నీ 1300 ప్రాంతమూ, ఆ తర్వాతవే. అంతకు దాదాపు వందేళ్ల ముందే ఆ కథలకి చిత్రకారులు ఎలాంటి రూపం ఇచ్చారో చూడాలంటే ఈ పాత్రలే దిక్కు.

ఇక్కడే ఓ చిక్కుంది. వీటిలో చాలామటుకు పెంకులుగా దొరికినవే. పగిలినదానికి ధర రాదని కొందరు వ్యాపారులు వాటిని అతికించి, ఖాళీల్లో వేరే పాత్రల పెంకులు ఇరికించి, పైన కొత్తగా రంగులు వేయించారు. అందుకే మ్యూజియంలవాళ్లు అతినీలలోహిత కాంతిలో పెట్టి ఏది అసలు గీతో, ఏది అతుకో తేల్చుకుంటారు. కొత్త రంగు తుడిచేస్తే ఒక్కోసారి సగం బొమ్మే మిగులుతుంది. అయితేనేం... ఆ సగమే ఆనాటి కుమ్మరి చేతి గీత!