శిశు సంరక్షణ కేంద్రానికి పసిబిడ్డ: ఆరోగ్య రక్షణకు ముందుజాగ్రత్తలు

న్యూఢిల్లీ: ప్రసూతి సెలవు ముగిసి తల్లి తిరిగి విధులలో చేరే సమయమూ, గర్భంలో ఉండగా తల్లి నుంచి బిడ్డకు సంక్రమించిన రోగనిరోధక శక్తి క్షీణించే సమయమూ దాదాపు ఒకటే. శిశు సంరక్షణ కేంద్రం (క్రెష్)లో చేరిన తొలి నెలల్లో పిల్లలకు జలుబు, దగ్గు, విరేచనాలు తరచుగా రావడానికి ఇదొక కారణం. పదిమంది పసివాళ్లు ఒకే గదిలో, అవే ఆటవస్తువులను నోట పెట్టుకుంటూ గడపడం మరో కారణం. ఈ జబ్బులను పూర్తిగా నివారించలేకపోయినా, అవి ప్రమాదకరంగా మారకుండా చూడటం సాధ్యమే.

దేశంలో ప్రసూతి సెలవును 2017లో చట్ట సవరణ ద్వారా 12 వారాల నుంచి 26 వారాలకు పెంచారు. ఇందులో ఎనిమిది వారాలను కాన్పుకు ముందే వాడుకుంటే, తల్లి ఉద్యోగంలో చేరేనాటికి బిడ్డ వయసు 18 వారాలే. అప్పటికే ఇద్దరు పిల్లలున్న తల్లికి లభించే సెలవు 12 వారాలు మాత్రమే.

టీకాలు పూర్తయ్యాకే...

జాతీయ టీకాల పట్టిక ప్రకారం 6, 10, 14 వారాలలో పెంటావాలెంట్ టీకా, పోలియో, రోటావైరస్ చుక్కలు వేయించాలి. పెంటావాలెంట్ టీకా కంఠసర్పి, కోరింత దగ్గు, ధనుర్వాతం, హెపటైటిస్-బి, హిబ్ వ్యాధుల నుంచి కాపాడుతుంది. నిమోనియాను నిరోధించే పీసీవీ టీకాను 6, 14 వారాలలోనూ, తొమ్మిదో నెల నిండాకా వేస్తారు. తట్టు, రుబెల్లా టీకా తొలి మోతాదు కూడా తొమ్మిది నెలలు నిండాకే. కనుక ఆరో నెలలో కేంద్రంలో చేరిన బిడ్డకు తట్టు నుంచి టీకా రక్షణ ఇంకా ఉండదు. అక్కడి పెద్ద పిల్లలందరికీ ఈ టీకా పడిందా లేదా అన్నది చేర్పించే ముందే తెలుసుకోవాలి.

తల్లిపాలు మానిపించరాదు

ఉద్యోగంలో చేరినంత మాత్రాన తల్లిపాలు ఆపవలసిన అవసరం లేదు. 50 మంది, అంతకు మించి సిబ్బంది ఉన్న సంస్థలలో క్రెష్ ఉండాలనీ, తల్లి రోజుకు నాలుగుసార్లు అక్కడికి వెళ్లివచ్చే వీలు కల్పించాలనీ 2017 సవరణ నిర్దేశించింది. 2020 నాటి సామాజిక భద్రతా స్మృతి సైతం ఈ నిబంధనలను కొనసాగించింది. ఆ వీలు లేనివారు పాలు పిండి, మూత ఉన్న శుభ్రమైన గిన్నెలో పంపవచ్చు. ఇవి 25 డిగ్రీల వేడిమిలో నాలుగు గంటలు, ఫ్రిజ్‌లో నాలుగు రోజులు నిల్వ ఉంటాయి. వేసవిలో మంచుపెట్టెలో పంపడమే క్షేమం. పాలసీసాను శుభ్రపరచడం కష్టం కాబట్టి ఉగ్గుగిన్నె, చెంచాలతో పట్టించడం మేలు. పాలసీసాల ప్రచారాన్ని దేశంలో 1992 చట్టమే నిషేధించింది.

కేంద్రంలో ఏమి చూడాలి?

రంగురంగుల గోడల కన్నా చేతులు కడుక్కునే చోటు ముఖ్యం. ఆయాలు బిడ్డకు గుడ్డలు మార్చిన తర్వాత, ముక్కు తుడిచిన తర్వాత, తినిపించే ముందు సబ్బుతో చేతులు కడుక్కుంటున్నారో లేదో గమనించాలి. గుడ్డలు మార్చే స్థలం వంటగదికి దూరంగా ఉండాలి. నోట పెట్టుకునే ఆటవస్తువులను రోజూ కడగాలి. గదిలోకి గాలి, వెలుతురు రావాలి.

జబ్బు చేస్తే

విరేచనాలు మొదలైతే లీటరు కాచి చల్లార్చిన నీటిలో ఒక ఓఆర్ఎస్ పొట్లం పూర్తిగా కలిపి, విరేచనమైన ప్రతిసారీ కొద్దికొద్దిగా తాగించాలి. 1971లో బంగ్లాదేశ్ శరణార్థుల బనగాం శిబిరంలో కలరా రోగులకు ఇదే తరహా ద్రావణాన్ని తాగించి డాక్టర్ దిలీప్ మహలనబిస్ మరణాలను గణనీయంగా తగ్గించారు. దీనితోపాటు వైద్యుని సలహాపై 14 రోజులు జింక్ ఇవ్వాలి. మామూలు జలుబుకు యాంటీబయాటిక్ మందులు పనిచేయవు.

రెండు నెలల నుంచి ఏడాదిలోపు బిడ్డ నిమిషానికి 50 సార్లు, అంతకు మించి ఊపిరి తీసుకుంటున్నా, డొక్కలు ఎగరేస్తున్నా, పాలు తాగలేకపోతున్నా, మగతగా పడి ఉన్నా, ఫిట్స్ వచ్చినా తక్షణమే ఆసుపత్రికి తీసుకువెళ్లాలి. మూడు నెలలలోపు శిశువుకు 100.4 డిగ్రీల జ్వరం వచ్చినా ఆలస్యం చేయరాదు.

సెలవే అసలు సమస్య

జ్వరం, విరేచనాలు, వాంతులు ఉన్న బిడ్డను కేంద్రానికి పంపరాదన్నది అందరూ ఒప్పుకునే నియమం. అయితే బిడ్డ అనారోగ్యం కోసం ప్రత్యేక సెలవు ప్రసూతి చట్టంలో లేదు. కేంద్ర ప్రభుత్వ మహిళా ఉద్యోగులకు 2008 నుంచి మొత్తం సర్వీసులో 730 రోజుల శిశు సంరక్షణ సెలవు ఉంది. రోజు కూలీకి వెళ్లే తల్లికి సెలవంటే ఆ పూట కూలి పోవడమే. పొద్దున జ్వరం మందు పోసి బిడ్డను పంపితే మధ్యాహ్నానికి మందు ప్రభావం తగ్గి జ్వరం తిరగబెడుతుంది. అప్పటికే తోటి పిల్లలకు అంటు సోకి ఉండవచ్చు.

నిర్మాణ కూలీల పిల్లల కోసం మొబైల్ క్రెషెస్ సంస్థ 1969లో ఢిల్లీలో పని ప్రారంభించింది. ప్రభుత్వ క్రెష్ పథకాన్ని 2022లో ‘పాల్నా’ పేరుతో పునర్వ్యవస్థీకరించి అంగన్‌వాడీలతో జోడించారు. వీటి ఫలితం అందాలంటే జబ్బుపడిన బిడ్డతో తల్లిదండ్రులలో ఒకరు ఇంటి వద్ద ఉండగలగాలి. ఆ రోజు ఎవరు సెలవు పెట్టాలన్నది బిడ్డను చేర్పించే ముందే దంపతులు నిర్ణయించుకోవడం ఉత్తమం.