టెంకాయల అంగడి నుంచి సత్యం కంప్యూటర్స్ దాకా: టర్నోవర్ నిష్పత్తుల కథ



మన హాస్టల్ వార్షికోత్సవ సంచికకు ఏదైనా రాయమని అడిగినప్పుడు, కామర్స్ చదివినవాళ్లం మేమేం రాయగలమని మొదట వెనుకాడాం. కథలూ కవితలూ మాకు రావు. వచ్చింది లెక్కలే కాబట్టి వాటి గురించే రాస్తున్నాం.

కామర్స్ తీసుకున్న తమ్ముళ్లు ఎక్కువగా భయపడేది నిష్పత్తుల విశ్లేషణకే. సూత్రాలు బట్టీపట్టి మార్కులు తెచ్చుకుంటాం, పరీక్ష అయిపోగానే మరిచిపోతాం. మేమూ అంతే చేశాం. ఎం.కాం.లో సత్యం కంప్యూటర్స్ లెక్కలు ముందు పెట్టుకుని కూర్చున్నాకే ఈ సూత్రాలు దేనికి పనికొస్తాయో, ఎక్కడ పనికిరావో తెలిసింది. అది మీతో పంచుకోవాలని ఈ ప్రయత్నం.

మఠం ముందు రెండు అంగళ్లు

మన మంత్రాలయంలో శ్రీమఠం ముందు రెండు అంగళ్లు ఉన్నాయనుకుందాం. ఒకాయన 6,000 రూపాయలతో టెంకాయలు తెస్తాడు. ఇంకొకాయన అదే 6,000తో స్వామివారి పటాలు, ఇత్తడి సామాను తెస్తాడు. టెంకాయల మీద లాభం వందకు పది రూపాయలే. పటాల మీద వందకు ముప్పై. ఎవరి వ్యాపారం మేలు?

పటాలాయనదే అనిపిస్తుంది. కానీ టెంకాయలు మూడు రోజులకొకసారి ఖాళీ అవుతాయి. అంటే అదే 6,000 నెలకు పదిసార్లు తిరుగుతుంది. ఒక్కో తిరుగుడుకు 600 చొప్పున నెలకు 6,000 లాభం. పటాలు అమ్ముడుపోవడానికి నెల పట్టింది, లాభం 1,800 మాత్రమే. పెట్టుబడి ఒకటే, తిరిగిన వేగం వేరు. ఈ వేగాన్ని కొలిచేవే టర్నోవర్ నిష్పత్తులు. అమ్మిన సరుకు వ్యయాన్ని సగటు నిల్వతో భాగిస్తే సరుకు టర్నోవర్ నిష్పత్తి వస్తుంది.

ఇప్పుడు అప్పు సంగతి చూద్దాం. హోటళ్లకు రోజూ 1,000 రూపాయల పాలు పోసే మనిషికి 30,000 బాకీ ఉందంటే, ముప్పై రోజుల పాలకు డబ్బు రాలేదన్నమాట. ఆ ముప్పై రోజులూ బర్రెకు దాణా ఆయన సొంత డబ్బుతోనే కొనాలి. దీన్నే పుస్తకంలో వసూలు కాలం అంటారు. ఋణగ్రస్తుల మొత్తాన్ని అప్పు అమ్మకాలతో భాగించి, ఆ కాలంలోని రోజులతో గుణిస్తే చాలు.

ఈ సూత్రం మన ఇళ్లకు కొత్తేమీ కాదు. కూలి పని అయిపోయింది, డబ్బు రాలేదు. ఎన్ని రోజులైంది అని ప్రతి ఇంట్లో లెక్కపెడుతూనే ఉంటారు. ఉపాధి హామీ చట్టం కూడా 15 రోజుల్లోపు కూలి ఇవ్వాలని రాసింది. అది కూలివాని వసూలు కాలానికి చట్టం పెట్టిన హద్దు.

సాఫ్ట్‌వేర్ కంపెనీకి సరుకేది?

సాఫ్ట్‌వేర్ కంపెనీలో గోదాము ఉండదు. అందువల్ల సరుకు టర్నోవర్ నిష్పత్తి అక్కడ దాదాపు పనికిరాదు. వాళ్లు అమ్మేది ఇంజినీర్ల పని గంటలు. టెంకాయ ఈరోజు అమ్ముడుపోకపోతే రేపు అమ్ముకోవచ్చు. పూలదండ సాయంత్రానికి వాడిపోతుంది. పని గంట కూడా పూలదండ లాంటిదే. ఈరోజు ఖాళీగా పోయిన గంటను రేపు అమ్మలేం. ప్రాజెక్టు లేక ఖాళీగా ఉన్నవాళ్లను ఆ పరిశ్రమలో 'బెంచి మీద ఉన్నారు' అంటారు. కాబట్టి అలాంటి కంపెనీ పనితనం చూడాలంటే ముఖ్యంగా రెండు విషయాలు అడగాలి. ఉద్యోగుల్లో నూటికి ఎంతమంది బిల్లు వచ్చే పనిలో ఉన్నారు? వేసిన బిల్లు ఎన్ని రోజులకు వసూలవుతోంది?

సత్యం సంగతి

సత్యం కంప్యూటర్స్‌ను 1987లో హైదరాబాద్‌లో బి. రామలింగరాజు స్థాపించారు. 2001లో దాని షేర్లు న్యూయార్క్ స్టాక్ ఎక్స్ఛేంజిలో కూడా నమోదయ్యాయి. 2008 నాటికి 50 వేలకు పైగా ఉద్యోగులతో దేశంలోని పెద్ద ఐటీ కంపెనీల్లో ఒకటైంది. ఉత్తమ కార్పొరేట్ పాలనకు అవార్డు కూడా అందుకుంది.

2009 జనవరి 7న రామలింగరాజు తన డైరెక్టర్లకు ఒక లేఖ రాశారు. కొన్నేళ్లుగా లెక్కలు పెంచి చూపుతున్నామని అందులో ఒప్పుకున్నారు. ఆ ఒక్కరోజే షేరు ధర సుమారు 179 రూపాయల నుంచి 40 రూపాయల దగ్గరకు పడిపోయింది. అప్పటికి మేము పలక పట్టుకుని ఒకటో తరగతికి పోతున్న వయసులో ఉన్నాం. కానీ ఆ లేఖలోని అంకెలు కామర్స్ విద్యార్థికి ఈరోజుకీ పెద్ద పాఠమే. ఒకే కంపెనీకి, ఒకే మూడు నెలలకు, చూపిన లెక్కా అసలు లెక్కా రెండూ పక్కపక్కన దొరకడం చాలా అరుదు.

2008 జూలై నుంచి సెప్టెంబరు వరకు, అంటే 92 రోజులకు, అంకెలు ఇవి:

రాబడి: చూపినది 2,700 కోట్లు, అసలు 2,112 కోట్లు.
నిర్వహణ లాభం: చూపినది 649 కోట్లు, అసలు 61 కోట్లు.
ఋణగ్రస్తులు: చూపినది 2,651 కోట్లు, అందులో 490 కోట్లు లేనివి. అసలు 2,161 కోట్లు.
నగదు, బ్యాంకు నిల్వ: చూపినది 5,361 కోట్లు, అందులో 5,040 కోట్లు లేనివి. అసలు 321 కోట్లు.

ఇవి గాక లేని డిపాజిట్ల మీద రావలసిన వడ్డీ అని 376 కోట్లు, పుస్తకాల్లో చూపని అప్పు 1,230 కోట్లు.

లెక్క వేసి చూద్దాం

మొదట వసూలు కాలం. చూపిన లెక్క ప్రకారం 2,651ని 2,700తో భాగించి 92తో గుణిస్తే సుమారు 90 రోజులు. అసలు లెక్క ప్రకారం 2,161ని 2,112తో భాగించి 92తో గుణిస్తే సుమారు 94 రోజులు. తేడా నాలుగు రోజులే! వేల కోట్ల మోసం ఉన్నచోట మనం బట్టీపట్టిన సూత్రం దాదాపు ఏమీ పట్టుకోలేదు. ఈ లెక్క మొదటిసారి వేసినప్పుడు ఎక్కడో తప్పు చేశామనుకుని మళ్లీ వేశాం. తప్పు లేదు.

ఇప్పుడు అదే సూత్రాన్ని నగదు మీద వేద్దాం. బ్యాంకులో ఉన్న డబ్బు ఎన్ని రోజుల రాబడికి సమానం? చూపిన లెక్కలో 5,361ని 2,700తో భాగించి 92తో గుణిస్తే సుమారు 183 రోజులు. అసలు లెక్కలో 321ని 2,112తో భాగించి 92తో గుణిస్తే సుమారు 14 రోజులు. ఆరు నెలల రాబడి బ్యాంకులో ఉందని చెప్పిన కంపెనీ చేతిలో నిజానికి రెండు వారాల రాబడి మాత్రమే ఉంది. దాని మీద 50 వేల కుటుంబాల జీతాలు ఆధారపడి ఉన్నాయి.

ఇంకో వింత కూడా చూడండి. ఋణగ్రస్తులు, నగదు రెండూ కలిపి చూపినది 8,012 కోట్లు. ఏడాది రాబడిని దానితో పోలిస్తే 1.35 సార్లు తిరిగినట్టు. అసలు లెక్కలో ఈ రెండూ కలిపి 2,482 కోట్లే, కాబట్టి 3.4 సార్లు. అంటే ఈ నిష్పత్తి ఒక్కటే చూస్తే అసలు కంపెనీయే చురుకైనదిగా కనిపిస్తుంది! కానీ లాభం చూడండి. చూపినది వందకు 24 రూపాయలు, అసలు వందకు 3 రూపాయలే. డబ్బు వేగంగా తిరిగినా మిగిలేది లేకపోతే ఏం లాభం? అందుకే టర్నోవర్ నిష్పత్తిని లాభ నిష్పత్తితో కలిపి చూడాలని మాస్టర్లు చెప్పేది.

మోసం ఎక్కడ దాగింది?

దొంగ బిల్లు రాస్తే ఋణగ్రస్తుల ఖాతా డెబిట్, అమ్మకాల ఖాతా క్రెడిట్ అవుతాయి. అక్కడే ఆగితే బాకీలు కుప్పలుగా పేరుకుపోతాయి, వసూలు కాలం పెరిగిపోతుంది, చూసేవాళ్లకు అనుమానం వస్తుంది. అందుకని ఆ బాకీ వసూలైనట్టు కూడా రాస్తారు. బ్యాంకు ఖాతా డెబిట్, ఋణగ్రస్తుల ఖాతా క్రెడిట్. ఇప్పుడు వసూలు కాలం చక్కగా ఉంటుంది. అంకణా కూడా సరిపోతుంది. కానీ రాని డబ్బు బ్యాంకు ఖాతాలో కాగితం మీద పెరుగుతూ పోతుంది. దానికి ఆధారంగా నకిలీ బ్యాంకు పత్రాలు చూపించారని తర్వాతి దర్యాప్తులో తేలింది.

అంకణా సరిపోయినంత మాత్రాన లెక్కలు నిజమని కాదు అని ఇంటర్ మొదటి సంవత్సరంలోనే చదువుకుంటాం. ఆ ఒక్క వాక్యం విలువ 5,040 కోట్లు.

దీనికి మందు సూత్రాల్లో లేదు. బ్యాంకు నిల్వను కంపెనీ ఇచ్చిన కాగితంతో కాకుండా, బ్యాంకునే నేరుగా అడిగి రాతపూర్వకంగా ధ్రువీకరించుకోవాలి. మరి నిష్పత్తి ఎందుకంటారా? ఎక్కడ అడగాలో చూపిస్తుంది కాబట్టి. ఆరు నెలల రాబడిని ఊరికే బ్యాంకులో ఎందుకు ఉంచుకున్నారు అన్న ప్రశ్న 183 అనే అంకె నుంచే పుడుతుంది.

తర్వాతి సంగతి క్లుప్తంగా చెబుతాం. ప్రభుత్వం పాత బోర్డును తీసేసి కొత్త బోర్డును నియమించింది. 2009 ఏప్రిల్‌లో టెక్ మహీంద్రా వేలంలో గెలిచి కంపెనీని తీసుకుంది. 2013లో సత్యం అందులో విలీనమైంది. 2015 ఏప్రిల్‌లో హైదరాబాద్‌లోని ప్రత్యేక కోర్టు రామలింగరాజుతో సహా పదిమందిని దోషులుగా తేల్చి ఏడేళ్ల జైలుశిక్ష విధించింది. మే నెలలో పై కోర్టు ఆ శిక్షను నిలిపివేసి బెయిలు ఇచ్చింది.

ఇది మనకెందుకు?

మంత్రాలయంలో హాస్టల్ పిల్లలకు సత్యం కంపెనీతో ఏం పని అని కొందరు అడగవచ్చు. తమ్ముళ్లూ, మన ఇళ్లలో లెక్క రాసేది ఎప్పుడూ ఎదుటివాళ్లే. సుగ్గికి పోయినచోట లెక్క మేస్త్రీ రాస్తాడు. అంగట్లో అప్పు పద్దు అంగడాయన రాస్తాడు. వడ్డీ లెక్క డబ్బిచ్చినాయన రాస్తాడు. మనవాళ్లు వేలిముద్ర వేసి వచ్చారు. రాసిన పుస్తకాన్ని తిరిగి చదివే మనిషి ఇంట్లో లేకపోవడం వల్ల ఎంత పోయిందో లెక్క కట్టడానికి ఏ నిష్పత్తీ చాలదు. అమెరికా మదుపుదారులే పుస్తకాన్ని నమ్మి మోసపోయారంటే మనవాళ్లను తప్పుపట్టడానికి ఏముంది? కానీ మన ఇళ్లలో మొదటిసారి డిగ్రీ దాకా వచ్చినవాళ్లం మనం. ఇకనైనా పుస్తకాన్ని చదవాలి.

ఏ లెక్క ముందుకొచ్చినా, అది పెద్ద కంపెనీ వార్షిక నివేదికైనా, మన హాస్టల్ మెస్ పుస్తకమైనా, ఈ మూడు ప్రశ్నలు వేయండి:

1. అమ్మకం పెరిగిందంటున్నారు, వసూలు కూడా పెరిగిందా? ఎన్ని రోజులకు వస్తోంది?
2. వసూలైన డబ్బు ఇప్పుడు ఎక్కడుంది? ఆ చోటు నుంచే నేరుగా రుజువు వచ్చిందా?
3. ఈ అంకె గత మూడేళ్లలో ఎలా మారింది? అదే రకం కంపెనీలో ఎంత ఉంది?

స్టాక్ మార్కెట్లో నమోదైన కంపెనీల వార్షిక నివేదికలు నెట్‌లో ఉచితంగా దొరుకుతాయి. ఉద్యోగానికి దరఖాస్తు చేసే ముందు ఆ కంపెనీ నివేదిక తెరిచి ఒక్క వసూలు కాలమైనా వేసి చూడండి. చాలా ఐటీ కంపెనీలు ఆ రోజుల సంఖ్యను మూడు నెలలకొకసారి ప్రకటిస్తాయి కూడా. మీ లెక్క వాళ్ల లెక్కతో సరిపోతే ఆనందం, సరిపోకపోతే ఎందుకో వెతకడంలో ఇంకా ఎక్కువ ఆనందం. మా అనుభవం అదే.

మన హాస్టల్ నుంచి రేపు ఒక చార్టర్డ్ అకౌంటెంట్, ఒక ఆడిటర్ రావాలని, ఎవరి పుస్తకం మీదైనా సంతకం చేసే ముందు బ్యాంకును నేరుగా అడిగే మనిషి కావాలని మనసారా కోరుకుంటూ సెలవు తీసుకుంటున్నాం.