ఈతలో మొదటి పాఠం: నీటితో చెలిమి

రాయపూర్ నుంచి బిలాస్‌పూర్ వెళ్లే రైలు మార్గంలో తిల్దా-నేవ్రా స్టేషన్ వస్తుంది. బియ్యం మిల్లులకు పేరుపడిన చిన్న పట్టణమిది. ఈ ప్రాంతంలో, ఆ మాటకొస్తే ఛత్తీస్‌గఢ్ మైదానమంతటా, ఊరూరా చెరువులు కనిపిస్తాయి. చెరువులోకి దిగే మెట్లను అక్కడివారు ‘పచరీ’ అంటారు. స్నానానికి వచ్చే పెద్దల వెంట పిల్లలు కూడా ఆ మెట్ల మీద కూర్చుని కాళ్లు తడుపుకుంటారు, ఒక్కొక్క మెట్టే దిగుతారు, చివరకు ఈత నేర్చుకుంటారు.

మన తెలుగు పల్లెల్లో దిగుడుబావులు, పంటకాలువలు చేసిన పని కూడా ఇదే. నడుముకు ఎండు సొరకాయబుర్రో, బెండ్లో కట్టి పెద్దలు పిల్లల్ని నీళ్లలోకి దింపేవారు. అయితే మరో పద్ధతి కూడా ఉండేది. “తోసేస్తే అదే వస్తుంది” అంటూ పిల్లవాణ్ణి ఒక్కసారిగా నీళ్లలోకి నెట్టేవారు. అలా ఈత వచ్చినవారున్నారు. ఆ భయంతో మళ్లీ జన్మలో నీళ్ల జోలికి పోనివారూ ఉన్నారు. ఈ తేడా ఎందుకు వస్తుంది? పిల్లల భయం పోగొట్టడానికి విజ్ఞానశాస్త్రం ఏం చెబుతుంది? చూద్దాం.

నీరు మనల్ని ఎలా తేలుస్తుంది?

ఏ వస్తువైనా నీటిలో మునిగినప్పుడు, అది తొలగించిన నీటి బరువుకు సమానమైన బలం దాన్ని పైకి నెడుతుందని ఆర్కిమెడిస్ సూత్రం మీరు చదివే ఉంటారు. మానవ శరీర సాంద్రత దాదాపు నీటి సాంద్రతకు సమానం. కాబట్టి తేలడమా, మునగడమా అన్నది చాలావరకు ఊపిరితిత్తుల్లోని గాలి తేలుస్తుంది. లీటరు గాలి బరువు గ్రాము కంటే కొంచెమే ఎక్కువ. ఒక పిల్లవాడు లీటరున్నర గాలి పీల్చుకుంటే బరువు పెరిగినట్టే ఉండదు, కాని ఛాతీ విప్పారడం వల్ల నీరు అతణ్ణి మరో కిలోన్నర బలంతో పైకి నెడుతుంది. సాధారణంగా తేలడానికి ఈమాత్రం చాలు.

మరి చాలామంది ఎందుకు మునుగుతారు? తల మూడు కిలోల బరువుందనుకుందాం. అది నీటిలో ఉన్నంతసేపు ఆ బరువును నీరే మోస్తుంది. భయపడి తలను పూర్తిగా పైకెత్తితే ఆ మూడు కిలోలను మిగిలిన శరీరం మోయాలి. పీల్చిన గాలి ఇచ్చిన కిలోన్నర ఆసరా ఇందుకు చాలదు. చేతులు కూడా పైకెత్తితే భారం ఇంకా పెరుగుతుంది. ప్రాణం కాపాడుకోవాలని చేసే ప్రయత్నమే ముంచుతుందన్నమాట!

దీన్ని ఇంట్లోనే పరీక్షించవచ్చు. మూతగల ప్లాస్టిక్ నీళ్ల సీసాను ఒక గుక్కెడు ఖాళీ ఉంచి నీటితో నింపండి. మూత బిగించి బకెట్ నీళ్లలో వదలండి. సీసాలో కొద్దిభాగమే నీటిపైన కనిపిస్తుంది. ఆ భాగాన్ని పట్టుకుని పైకి లాగితే సీసా బరువు మీ చేతికి తెలుస్తుంది. వదిలేస్తే ఆ బరువును నీరే మోస్తుంది.

భయపడితే ఒంట్లో ఏం జరుగుతుంది?

భయం కలగగానే మెదడు ఒళ్లంతటినీ అప్రమత్తం చేస్తుంది. ఎడ్రినలిన్ విడుదలవుతుంది. గుండె వేగం పెరుగుతుంది, కండరాలు బిగుసుకుంటాయి, శ్వాస పైపైన వేగంగా సాగుతుంది. పులి ఎదురైతే పరుగెత్తడానికి ఈ ఏర్పాటు పనికొస్తుంది. నీటిలో మాత్రం ఎదురు తిరుగుతుంది. ఛాతీ నిండా గాలి ఉండదు, బిగుసుకున్న ఒళ్లు చదునుగా పడుకోదు.

దీనికి తోడు, మెడలోతు నీటిలో నిలబడితే నీటి పీడనం ఛాతీని నొక్కుతుంది. మొదటిసారి దిగిన పిల్లలు “ఊపిరాడటం లేదు” అంటే అది వట్టి సాకు కాదు. పైగా నీరు గాలికన్నా సుమారు 25 రెట్లు వేగంగా వేడిని లాగేస్తుంది. వణికే పిల్లవాడు ఏమీ నేర్చుకోలేడు. అతణ్ణి ఒడ్డుకు తెచ్చి తువ్వాలు కప్పడమే అప్పటికి సరైన పాఠం.

మెట్టు మెట్టుగా

భయం తిట్టినా, ఎగతాళి చేసినా పోదు. “దిగాను, ఏమీ కాలేదు” అన్న అనుభవం పదేపదే కలిగితే క్రమంగా తగ్గుతుంది. అందుకే ప్రతి అడుగూ పిల్లవాడు ఒప్పుకునేంత చిన్నదిగా ఉండాలి.

మొదట మోకాలిలోతులో ఆటలు. తరువాత ముఖం తడుపుకోవడం. ఆ పైన నోరు నీటిలో ఉంచి బుడగలు వదలడం. ఇందులో ఒక రహస్యముంది. మనకు ఊపిరాడనట్టు అనిపించేది ముఖ్యంగా రక్తంలో కార్బన్ డై ఆక్సైడ్ పెరగడం వల్ల. నీటిలో నెమ్మదిగా ఊపిరి వదిలేవారికి, తల పైకి తీయగానే తాజా గాలి పీల్చుకోవడం సులువవుతుంది. శ్వాస బిగబట్టినవారు అదే క్షణంలో వదలడం, పీల్చడం రెండూ చేయలేక తడబడతారు.

తరువాత వెల్లకిలా తేలడం. పెద్దవారి అరచేయి పిల్లల తల కింద, వీపు కింద ఉండాలి. చెవులు నీటిలో మునగాలి, చూపు ఆకాశం మీద ఉండాలి. “వదిలేస్తున్నాను” అని చెప్పకుండా చేయి తీయకూడదు. ఒకసారి మోసపోయిన పిల్లవాడు మళ్లీ నమ్మడు. తేలడంతోపాటు మళ్లీ కాళ్ల మీద నిలబడటం కూడా నేర్పాలి. ఎప్పుడు కావాలంటే అప్పుడు నిలబడగలనని తెలిసినప్పుడే ధైర్యం వస్తుంది. కాళ్లు ఆడించడం, చేతులు వేయడం ఆ తరువాతి సంగతులు.

మునిగే ముందు గబగబా ఊపిరి తీసి పందెం వేయడం మాత్రం మానండి. అలా చేస్తే కార్బన్ డై ఆక్సైడ్ తగ్గి, ఊపిరి తీయాలన్న హెచ్చరిక అందకముందే స్పృహ తప్పవచ్చు.

ప్రాణాల లెక్క

ప్రపంచ ఆరోగ్య సంస్థ అంచనా ప్రకారం 2021లో ప్రపంచంలో సుమారు 3 లక్షలమంది నీట మునిగి చనిపోయారు. ఆరేళ్లు దాటిన పిల్లలకు ప్రాథమిక ఈత, నీటి భద్రత నేర్పాలని ఆ సంస్థ సూచిస్తోంది. దీనికి ఖరీదైన ఈతకొలనే అక్కర్లేదు. బంగ్లాదేశ్‌లో ‘స్విమ్‌సేఫ్’ కార్యక్రమం కింద గ్రామాల చెరువుల్లోనే వెదురు వేదికలు కట్టి, పిల్లలకు లోతు హద్దు చేసి నేర్పారు. ఇలా నేర్చుకున్నవారిలో మునక మరణాలు, నేర్చుకోని పిల్లలతో పోలిస్తే, 90 శాతానికి పైగా తక్కువని 2012లో ప్రచురితమైన అధ్యయనం తెలిపింది.

చెరువులో బురద, నాచు, హఠాత్తుగా వచ్చే లోతు ఉంటాయి. అందుకే ఈత తెలిసిన పెద్దవారు చేయి చాచితే అందేంత దూరంలో ఉండాలి. బెండ్లు, గాలి ట్యూబులు ఆ పెద్దవారికి బదులు కావు. మునిగేవారు సాధారణంగా అరవలేరని కూడా గుర్తుంచుకోండి. ఎవరైనా మునుగుతుంటే వెంట దూకకుండా కేకవేసి పెద్దల్ని పిలవండి. ఒడ్డునుంచే కర్రో, తాడో, చీరో అందించండి.

బోర్లు వచ్చాక మన పల్లెల్లో చాలా దిగుడుబావులు పూడిపోయాయి. వాటితోపాటు ఇంటింటి ఈత పాఠం కూడా దూరమవుతోంది. మీ తమ్ముడికో చెల్లెలికో ఈత నేర్పే అవకాశం వస్తే మొదటి రోజు “చేతులు వెయ్యి” అనకండి. పెద్దవారిని తోడు పెట్టుకుని, మోకాలిలోతులో కలిసి బుడగలు వదలండి. ఆ రోజుకు అంతే చాలు.